పరాత్ అంచుకు అంటిన పిండి

అరవై ఎనిమిదిల, దసరా పోయిన వారానికి, మా మామ నన్ను పరాత్ మీద కూసోబెట్టిండు. మొఘల్‌పురాల ఓ సన్న గల్లీల మాకు బిస్కట్ల బేకరీ ఉండేది. ముందర దుకాణం, నడుమ కలిపే అర్ర, ఎనక బిస్కట్లు కాల్చే భట్టి. మామ సికింద్రాబాద్‌ల వేరేవాళ్ల దగ్గర పని నేర్సుకొని, కడుపు కట్టుకొని ఈ జాగ సంపాదించిండు. మా ఆయన బస్సు డిపోల మెకానిక్, ఆయనకు పిండి వాసన పడకపోయేది. గట్ల ఆ పని కోడలినైన నా చేతికొచ్చింది. నేను చదివింది రెండో తరగతి. ఈ పనికి అదే ఎక్కువ అన్నడు మామ.

పరాత్ అంటే అంచు లేపిన పెద్ద ఇత్తడి పల్లెం. చిన్న పిల్లను పండబెట్టేంత ఉంటది. దాంట్లనే నెయ్యి, శక్కర రుద్ది, మైదా కలిపి ముద్ద చేస్తరు. మా పనిల అందరికన్న పైన ఉస్తాద్. ఆయన భట్టి మనిషి, ఆయన మాటకు మామ కూడ ఎదురు చెప్పకపోయేది. తర్వాత బిస్కట్ ఒత్తే కారీగర్లు ఇద్దరు. అందరికన్న కింద పరాత్ మీద కూసునే మనిషి. కాని ముద్ద చెడితే ఉస్తాద్ అయినా ఏం చెయ్యలేడు. అందుకని నేను నా పీటను చిన్నదనుకోలేదు.

దుకాణంల అమ్ముకునే బిస్కట్లు ఎట్లాగూ ఉండేవి. అసలు పని మాత్రం ఇంటి సరుకుది. ఆ రోజులల్ల పాతబస్తీల మనిషి మనిషికి నమ్మకమైన నెయ్యి ఉండేది, నమ్మకమైన దుకాణం ఉండేది, ఆ రెండు ఒక్కచోట ఉండకపోయేవి. గందుకని తమ ఇంటి నెయ్యి, తమ శక్కర, తమ మైదా డబ్బలల్ల పెట్టుకొని తెచ్చేటోళ్లు. మేము వాళ్ల కండ్ల ముందర తూచి, కలిపి, ఒత్తి, కాల్చి, వాళ్ల డబ్బలనే నింపి ఇచ్చేటోళ్లం. మాకు చేతి కూలి, కట్టెల ఖర్చు. ఒకరి ట్రే ఒకరికి పోకుండ ప్రతి ట్రే మూలకు ఓ చిన్న పిండి బిళ్ల పెట్టి, దాని మీద ఆ ఇంటి గుర్తు ఒత్తేదాన్ని. ఒకరికి దువ్వెన పండ్లు, ఒకరికి తాళంచెవి, ఒకరికి రెండు చింతగింజలు. రాసుడు నాకు అంతగా రాదు, గుర్తులు మాత్రం మరిసేదాన్ని కాదు. నా చేతుల ఒక ఇంటి ట్రే ఇంకో ఇంటికి పోయిన ముచ్చట లేదు.

సరుకు తెచ్చినోళ్లు డబ్బ నిండేదాక కూసోవాలె. నడిమి అర్రల గోడ పొంటి ఓ పొడుగు బల్ల ఉండేది. పొద్దున పదింటికి వచ్చినోళ్లు సాయంత్రం అసర్ అజాన్ దాక ఆ బల్ల మీదనే. చలికాలం భట్టి సెగ గోడలకెల్లి మెల్లగ వచ్చి ఈపుకు తగులుతుండె. పైకప్పుల ఓ గాజుపెంక ఉండేది. దాంట్లకెల్లి పడ్డ ఎండల మైదా దుమ్ము లేస్తది, కిందికి రాదు, అట్లనే తేలుతుంటది. అందరి కనురెప్పలు తెల్లగైతయి. యాలకుల వాసన, నెయ్యి కాగే వాసన, ఎనక భట్టిల కట్టె చిట్లిన సప్పుడు. బురఖా మీదికి లేపుకొని ఓ బేగం కునుకుతుండె, ఆమె భుజం మీద తల పెట్టి ఎవరో తెల్వని మాస్టరమ్మ కునుకుతుండె. డిసెంబర్‌ల క్రిస్మస్‌కని గిర్జాకు పోయే ఆంటీ ఒకామె కిస్మిస్ పొట్లం ఒడిల పెట్టుకొని నిద్రల నవ్వుతుండె. నాకు పని జాగల పండుకునేటోళ్లంటే సయించదు. అయినా ఆ బల్ల దిక్కు చూస్తే నా చెయ్యి కూడ మెల్లగైతుండె. అందరం ఒకటే నీళ్ల అడుగున ఉన్నట్టు, మాటలు దూరంకెల్లి వస్తున్నట్టు ఉండేది. నడుమల ఉస్తాద్ వచ్చి "ఉఠో బీబీ, నీ డబ్బ తయార్!" అని ఒర్రేది. ఆమె ఉలిక్కిపడి లేసి, మొదటి బిస్కట్ కొరికి, కండ్లు మళ్ల మూసుకునేది. గా మొదటి కొరుకుడు చూస్తేనే మాకు తెలిసేది, ముద్ద కుదిరిందా లేదా అని.

ఇగ నా గుణం చెప్పాలె. నాకు ఏది పారబోసుడు రాదు. మైదా సంచి దులిపితే పిడికెడు వస్తది, దాన్ని పొట్లాలు అతికే లై ఉడికిస్తి. నిమ్మ చెక్కలతోటి ఇత్తడి తోమితి. పరాత్‌లకెల్లి ముద్ద తీసినంక అంచుకు, అడుగుకు కొంచెం అంటి ఉంటది. ఎంతంటే, రెండు బిస్కట్లకు సరిపడ. కడిగితే అది నీళ్లతోటి మోరీల పోతది. నెయ్యి, శక్కర మోరీల పోతుంటే నా పానం ఆగకపోయేది. ఓ కొబ్బరి చిప్ప ముక్కను అరగదీసి పెట్టుకున్న. దాంతోటి గీకి, ఆ రెండు బిస్కట్ల పిండిని తర్వాతి ఇంటి ముద్దల కలిపేదాన్ని. నా ఇంటికి ఒక్క చిటికెడు తీస్కపోలేదు. ఎవరికో ఒకరికి లాభమే కదా అనుకుంటి. మామకు ఇది తెల్వదు. ఆయనకు కనవడేది అద్దం లెక్క మెరిసే పరాత్. "నా కోడలు కడిగినట్టు ఎవ్వరు కడగరు" అని వచ్చినోళ్లందరికి చెప్పుకునేది.

ఒక్క కట్టుబాటు మాత్రం ఉండేది. గుడ్లు పడే ముద్దలు వేరు, గుడ్లు పడనివి వేరు. గుడ్లు లేనివి పొద్దుగాల ముందు కలపాలె. ఎప్పుడన్న ఎనక ముందు అయితే, నడుమ పరాత్‌ను బూడిద పెట్టి, ఉడుకు నీళ్లతోటి కడగాలె.

గుడ్లు లేని సరుకు ఎక్కువ బేగంబజార్ షావుకార్ల ఇండ్లకెల్లి వస్తుండె. అందుల ఒక అవ్వ. ఎండు మిరపకాయల టోకు వ్యాపారం వాళ్లది. డెబ్బై దాటిన మనిషి, నోట్ల పండ్లు లేవు. గుడ్డు ముట్టదు, బయటి తిండి ముట్టదు. మా నాన్‌ఖటాయి బిస్కట్ ఒక్కటే పాలల్ల నానేసుకొని తినేది, అది కూడ తన ఇంటి నెయ్యి అయితేనే. నెలకొక డబ్బ. గుమాస్తా రిక్షాల సరుకు తెచ్చి, బిస్కట్లు తీస్కపోయేది. ఆ అవ్వ తింటుందని చెప్పి ఆ గల్లీల ఇంకో ఏడిండ్లు మాకు సరుకు పంపుతుండె. ఆమె ఒక్క మాట అంటే ఏడిండ్లు వచ్చినయి. ఒక్క మాట అంటే ఏడిండ్లు పోతయి కూడ.

డెబ్బై మూడు డిసెంబర్‌ల, ఒక బేస్తవారం. మొఘల్‌పురాల మా గల్లీ చివరి బేగం సాహెబా బిడ్డ లగ్గం ఖాయం చేసే మంగ్నీకని గుడ్ల బిస్కట్లకు సరుకు తెచ్చింది. కుంకుమపువ్వు చేతిరుమాల కొసకు ముడేసుకొని, ముడి తానే విప్పి, రేకులు తానే లెక్క పెట్టినట్టు వేసింది. ఆ ముద్ద దించినంక, ఎప్పటి లెక్కనే చిప్పతోటి గీకిన. వచ్చిన పిండిని నిమ్మకాయంత ఉండ చేసి పరాత్ అంచు మీద పెట్టిన. అప్పుడు దిగిండు బేగంబజార్ గుమాస్తా, ఎప్పటికన్న రెండు గంటలు ఆలస్యంగ. "రిక్షా చక్రం ఊడింది అక్కా, జర తొందర చెయ్" అన్నడు. నల్ల నీళ్లు బందైనయి. గంగాళంల ఉన్న నీళ్లతోటి పరాత్ కడిగిన. బూడిద పెట్టే కడిగిన. ఉండను తీసి పీట మీద పెట్టి కడిగిన. అవ్వ ఇంటి నెయ్యి, శక్కర నేను రుద్దుతుంటే ఎండల దుమ్ము తేలుతుంది, బల్ల మీద గుమాస్తా కునుకుతుండు, భట్టి సెగకు నా కండ్లు కూడ బరువైనయి. చెయ్యి తన అలవాటు తాను చేసుకుంట పోయింది. ఉండను ఎత్తి ముద్దల ఒత్తింది. నేను చూస్తనే ఉన్న. చూసింది మనసుకు చేరలేదు.

చేరింది డబ్బ పోయినంక. ఉస్తాద్ ప్రతి ట్రేలకెల్లి ఒకటి తీసి ఇరిచి, లోపల ఉడికిందా అని చూసి, భట్టి గట్టు మీద పెడుతడు. దాన్ని నమూనా అంటం. నాన్‌ఖటాయి తెల్లగ, మీద సన్న పగుళ్లతోటి ఉండాలె. గట్టు మీది నమూనాకు పొట్ట దగ్గర ఎర్రటి మచ్చ ఉంది. గుడ్డు పడ్డ పిండి తొందరగ రంగు పడుతది. ఇది మా పనిల మొదటి రోజే చెప్పే సంగతి. పీట మీద చూసిన. ఉండ లేదు.

ఉస్తాద్‌కు చెప్పిన. ఆయన మంచి మనిషి. గొంతు తగ్గించి, "అరే అమ్మా, చుప్ బైఠో. రెండు వేళ్ల పిండి. ఎవలకు మాలూం? నోరు తెరిస్తే ఎనిమిదిండ్లు పోతయి" అన్నడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ ఎనిమిదిండ్ల కూలితోటే మా భట్టి చలికాలమంత కాలుతుండె.

మామ దగ్గరికి పోయిన. గీకుడు సంగతి కూడ మొత్తం చెప్పిన. ఆయన తక్కెడ గిన్నెలు తుడుసుకుంట కూసున్నడు. తర్వాత, "ఉస్తాద్ చెప్పింది బరాబరే, ఎవ్వరికి ఎరుక కాదు. నీకెరుక, నాకెరుక, ఉస్తాద్‌కు ఎరుక. ముగ్గురికి ఎరుకైంది ఎవ్వరికి ఎరుక కానట్టా?" అన్నడు. ఇంకా అన్నడు, "బేగం సాహెబా పిండి తీసి అవ్వకిచ్చినవ్. అది ఈమెకు నష్టం. అవ్వ తిననిది అవ్వకు పెట్టినవ్. అది ఆమెకు నష్టం. నువ్వు ఆదా చేసింది ఎవరికి?" తక్కెడ పక్కకు పెట్టిండు. "పో. అవ్వ నోట్ల పెట్టకముందే పో. చేసిన చెయ్యి నీది, చెప్పే నోరు కూడ నీదే ఉండాలె" అన్నడు.

రిక్షాకు పైసలిచ్చిండు. నేను గల్లీ దాటంగనే వాటిని కొంగుకు ముడేసుకొని నడిసిన. ఇన్నేండ్లకు కూడ ఈ ముక్క చెప్పేటందుకు సిగ్గయితది. చెప్పకుంటే ముచ్చట పూర్తి కాదు.

హుసేనీ ఆలం దాటి పురానాపూల్ వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. మూసీ మీద పొగనో మంచో తెల్వని తెల్లదనం లేస్తుంది. ఒడ్డున చాకలోళ్లు ఆరేసిన బట్టలు వరుసలు వరుసలుగ, ఎవరో మైదా సంచులు పరిసినట్టున్నయి. నేను పొద్దటి సంది పిండిల ఉన్న మనిషిని, నా చేతులు తెల్లగ, నది తెల్లగ, పూల్ మీద నడిసేటోళ్ల మొఖాలు తెల్లగ. నడుస్తున్ననని తెలుస్తుంది కాని దారి తరుగుత లేదు. ఎడమ పక్కకెల్లి ఒక రిక్షా పోయింది. ఆపుదామని చెయ్యి లేపిన, మళ్ల దించుకున్న. అవ్వ ఎప్పుడైనా దీపం పెట్టినంకనే పాలు తాగుతదని గుమాస్తా ఒకసారి అన్నది గుర్తు తెచ్చుకొని, దీపాల యాళ్లకు ఇంకా టైముంది అని నాకు నేనే చెప్పుకున్న.

బేగంబజార్‌ల వాళ్ల ఇంటికి అంతకు ముందు నేనెన్నడు పోలేదు. కింద గోదాము, మిరపకాయ ఘాటుకు కండ్ల నీళ్లొచ్చినయి. మీదికి పోతే నడిమింట్ల అవ్వ చెక్క ఉయ్యాల మీద కూసోనుంది. చేతుల ఇత్తడి గిలాస. ఒళ్లె మేము నింపిన డబ్బ, మూత తీసి ఉంది.

నన్ను ఆమె అంతకు ముందు చూడలేదు. కోడలు, నడీడు మనిషి, "బిస్కట్ల దుకాణం ఆమెనట అత్తా" అన్నది. అవ్వ మొఖం విచ్చుకుంది. "నువ్వేనానే! ఈసారి మస్తు గుల్లగ ఒచ్చినయే. పాలల్ల ఏసుడే ఆలస్యం, కరుగుతున్నయి. ఏం ఏసిండ్రు?" అన్నది.

దీపం పెట్టకముందే తినేసింది. రిక్షా ఎక్కి ఉంటే ఆ గిలాస కన్న ముందే చేరుదును.

నిలబడే చెప్పిన. ఏ ఇంటి పిండి, ఎంత పిండి, ఎట్ల కలిసింది. దాసలేదు, ఏడ్వలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఊకోబెట్టాల్సి వస్తది, అది ఇంకో తప్పు.

కోడలు లేసింది. "ఏందమ్మా ఇది! డెబ్బై ఏండ్లు ముట్టనిది ముట్టిస్తరా? నెయ్యి మాది, శక్కర మాది, పాపం కూడ మాకేనా? ఏమండీ, జర మీదికి రాండ్రి!" అని గోదాము దిక్కు ఒర్రింది. అవ్వ చెయ్యి లేపి ఆపింది. ఉయ్యాల దిగి, పెరట్లకు పోయి, నోరు పుక్కిలించింది. ఒకసారి కాదు, శానసార్లు. నీళ్ల సప్పుడు వింటుంట నేను గుమ్మంల నిలబడ్డ. వచ్చి కూసొని, పైట కొంగుతోటి మూతి తుడుసుకొని అడిగింది.

"ఎందుకు గీకినవే?"

"మోరీల పోతదని అవ్వా."

"పోతే?"

"నెయ్యి కదా."

"ఎవల నెయ్యి?"

అవ్వ కూడ గోనె బోరెం కింద మిరపకాయ పడితే ఏరుకునే ఇంటి మనిషి. నా గుణం ఆమెకు తెల్వనిది కాదు. అదే నాకు ఇంకా కష్టమైంది.

"ఎన్నేండ్ల సంది గీకుతున్నవ్?" అన్నది.

ఈ మాట అడుగుతదని నేను అనుకోలేదు. ఒక్క డబ్బ సంగతి చెప్పి పోదామని వచ్చిన మనిషిని. "పని మీద కూసున్నప్పటి సంది. ఐదేండ్లు" అన్న. "మరి నా ముద్ద కన్న ముందు ప్రతిసారి కడిగినవా?" అన్నది. "కడిగిననే అనుకుంటున్న అవ్వా. ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను" అన్న.

కోడలు నెత్తి కొట్టుకుంది. అవ్వ కండ్లు మూసుకుంది. ఉయ్యాల గొలుసు కిర్రుమంటుంది, కింద హమాలీలు బోరాలు మోస్తున్న సప్పుడు, ఎవరో దీపం తెచ్చి గూట్ల పెట్టిండ్రు. ఆ ఐదేండ్లు ఒక్కొక్క డబ్బే నా ముందరికెల్లి నడిసిపోతున్నట్టుండె. చివరికి అవ్వ డబ్బకు మూత పెట్టి నా చేతికిచ్చింది. "తీస్కపో. నీ ముంగట తిట్టను. నువ్వు రాకుంటే నాకు తెల్వకపోతుండె. కాని ఇప్పుడు తెలిసింది కదా, ఇగ ఎట్ల తినమంటవ్?" అన్నది. అంతే.

డబ్బ చంకల పెట్టుకొని వెనక్కి నడిసిన. మరుసటి నెల మిరపకాయల ఇంటికెల్లి సరుకు రాలేదు. తర్వాతి నెల, ఆ గల్లీల ఇంకో ఐదిండ్లు బందైనయి. రెండిండ్లే మిగిలినయి. ఉస్తాద్ ఒక్క మాట అనలేదు, కాని పొద్దున భట్టిల పేర్చే కట్టెలు తగ్గిచ్చిండు. బేగం సాహెబాకు కూడ మామ నాతోనే చెప్పిచ్చిండు. ఆమె నవ్వి, "దో బిస్కట్ కే లియే ఇత్నా?" అన్నది, రెండు బిస్కట్లకు ఇంతనా అని. నవ్వినా, ఆనాటి సంది పరాత్ కాడ నిలబడి చూసేది, బల్ల మీద కూసోలేదు. నమ్మకం పోయినోళ్లు కొందరు తిడుతరు, కొందరు నిలబడి చూస్తరు.

మామ నన్ను పీట మీదికెల్లి తీసెయ్యలేదు. తీసేస్తే నాకు సులువైతుండె. కొబ్బరి చిప్పను భట్టిల ఏసిండు. ప్రతి ముద్దకు పరాత్ కడుగుడే, అంటింది అంటినట్టు మోరీల పోవుడే. ఒక ఏడాది నేను ఆ మోరీ దిక్కు చూడకుండ కడిగిన.

డెబ్బై నాలుగు చలికాలం, ఒకనాడు పొద్దుగాల, గల్లీల రిక్షా ఆగింది. అవ్వ దిగింది. ఎనక గుమాస్తా, నెత్తి మీద ఆమె ఇంటి పరాత్, కొత్తది, పసుపు బొట్లు పెట్టింది. పాతబస్తీల మా గల్లీకి ఆమె రాంగ అదే మొదలు. మామ లేసి నిలబడ్డడు. ఆమె ఆయన దిక్కు చూడలేదు. వచ్చి నా ఎదురుంగ పీట గుంజుకొని కూసుంది.

"ఏడాది సంది పాలు ఉత్తగ తాగుతున్న," అన్నది. "ఇంకో రెండు దుకాణాల అడిగిన. మేమెన్నడు తప్పు చెయ్యం అన్నరు. అసొంటోళ్లతోటి నాకు భయం. ఇగో, ఇది నా పరాత్. నా ముంగట కలుపు."

చేతులు కడుక్కొని కలిపిన. రెప్ప కొట్టకుండ చూసింది. బల్ల మీద ఉన్నోళ్లు కూడ నిద్ర లేసి చూసిండ్రు. ముద్ద అయినంక కారీగర్‌కు అందిచ్చిన. పరాత్ అంచుకు ఎప్పటి లెక్కనే రెండు బిస్కట్ల పిండి అంటి ఉంది. నేను నీళ్ల చెంబు అందుకున్న.

"ఆగు," అన్నది అవ్వ. "ఆడ ఏమున్నదో కనవడ్త లేదా?"

"ఉన్నది అవ్వా."

"ఎవలది?"

"నీది."

"మరి నీళ్లెందుకు పోస్తున్నవ్?" అన్నది. చూపుడు వేలితోటి అంచు చుట్టు మెల్లగ తీసింది. పిండి వేలికి అంటుతుంది. తీసినదాన్ని అరచేతుల ఒత్తి, ఒక వంకర బిస్కట్ చేసి, తన ట్రే చివర తానే పెట్టింది. ఉస్తాద్ దాన్ని చూసి నవ్వాపుకొని, ట్రేని భట్టిల తోసిండు.

ఆ మీదట మా దుకాణంల అదే పద్ధతి అయింది. గుడ్లు లేని సరుకు తెచ్చేటోళ్లు పరాత్ కూడ తెచ్చుకోవాలె. ఎవరి ముద్ద అయినా దించినంక పరాత్‌ను ముందు వాళ్ల ముందర పెట్టాలె. గీకుకుంటరో, వద్దంటరో వాళ్ల ఇష్టం. తర్వాతనే నీళ్లు. బేగంబజార్‌ల పోయిన ఐదిండ్లల్ల మూడిండ్లు మళ్ల వచ్చినయి, రెండిండ్లు రాలేదు. నేను ఆ పీట మీద ఎనభై తొమ్మిది దాక కూసున్న.

ఈ పని నేర్సుకుందామని వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. పొదుపు మంచిదే, కాని అది మన సొమ్ము మీదనే చెయ్యాలె. ఎదుటోళ్ల పరాత్‌ల అంటింది మిగులు కాదు, వాళ్ల సరుకే. దాన్ని ఏం చెయ్యాల్నో వాళ్లను అడగాలె. అడిగే టైము లేకపోతే ఆ ముద్ద ఆనాడు కలపొద్దు.